తీరపు రాళ్ల మీది చిన్న సీ అనిమోన్‌ను గుర్తించడం ఎలా? హైదరాబాదు నుంచి తూర్పు తీరానికి వెళ్లే వారి కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవులకు విశాఖపట్నం, భీమిలి వెళ్లివచ్చిన హైదరాబాదు వాసులు చాలామంది రాళ్ల సందుల్లో కనిపించిన చిన్న సీ అనిమోన్‌ను ఫోన్‌లో ఫోటో తీసి, దాని పేరేమిటని అడుగుతుంటారు. ఆ ఫోటోలలో నూటికి తొంభై పాళ్లు పైనుంచి తీసినవే కావడం వల్ల, గుర్తింపుకు అసలు పనికివచ్చే భాగం వాటిలో కనిపించదు. ఏ భాగాన్ని చూడాలి, ఎప్పుడు చూడాలి, చూసినదాన్నిబట్టి ఎంతవరకు నమ్మకంగా పేరు చెప్పవచ్చు అన్న ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

నీటిలో పువ్వులా విచ్చుకుని, రాయికి అంటుకుని ఉన్నది మొక్కా, జంతువా?

జంతువే, అందులోనూ మాంసాహారి. పగడాలు, జెల్లీ చేపలు, ఇంటర్మీడియట్ జంతుశాస్త్రంలో చదువుకున్న హైడ్రా ఏ నిడేరియా వర్గానికి చెందుతాయో సీ అనిమోన్లు కూడా అదే వర్గానికి చెందుతాయి. ఆ వర్గంలో ఆంథోజోవా తరగతిలోని ఆక్టినియారియా క్రమం వీటిది. ప్రపంచం మొత్తం మీద ఇప్పటికి వర్ణించిన జాతులు వెయ్యికి పైగా ఉన్నాయి. రాతి పగడాల మాదిరిగా ఇవి సున్నపు గూడు కట్టుకోవు. జెల్లీ చేపల మాదిరిగా గొడుగు ఆకారంలో ఈదే దశ వీటి జీవితంలో లేదు.

శరీర నిర్మాణం సరళమైనది. అడుగున రాయిని పట్టుకునే పాదఫలకం, దాని మీద గొట్టం వంటి కాండం, పైన ముఖఫలకం, ముఖఫలకం అంచున వలయాలుగా స్పర్శకాలు, నడుమ నోరు ఉంటాయి. మలద్వారం వేరుగా లేదు కాబట్టి, తిన్నదాంట్లో అరగనిది కూడా ఆ నోటి నుంచే బయటికి వస్తుంది. ఈ భాగాల పేర్లు గుర్తుంచుకోండి. కిందనున్న సమాధానాలన్నీ వీటి మీదే ఆధారపడ్డాయి.

హైదరాబాదుకు దగ్గరగా ఉన్న సూర్యలంక, మంగినపూడి తీరాలలో ఇవి కనిపిస్తాయా?

రాళ్ల మీద పెరిగే రకాలు అక్కడ కనిపించే అవకాశం చాలా తక్కువ, ఎందుకంటే అవి రాతి తీరాలు కావు. పాదఫలకం పట్టుకోవడానికి కదలని గట్టి ఆధారం కావాలి. ప్రతి అలకూ చోటు మారే ఇసుకలో అది దొరకదు. ఇసుకలోనూ బురదలోనూ శరీరాన్ని పాతుకుని, స్పర్శకాలను మాత్రమే పైకి పెట్టే రకాలు వేరే ఉన్నాయి గానీ, అలికిడి కాగానే అవి లోపలికి దిగిపోతాయి కాబట్టి కొత్తవారి కంటికి సులభంగా చిక్కవు.

అందుకే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి ప్రయాణం చేసి విశాఖపట్నం వెళ్లడమే మంచిది. అక్కడ తూర్పు కనుమలు నేరుగా సముద్రం అంచుకు దిగుతాయి. ఆ కొండల ఖోండలైట్ రాయి తీరంలో పలకలుగా, బండలుగా పరుచుకుని, నీరు తగ్గినప్పుడు గుంటలుగా మిగులుతుంది. తెన్నేటి పార్కు కింది భాగం, జోడుగుళ్లపాలెం, రుషికొండ పక్కనున్న బండలు, సహజ శిలాతోరణం ఉన్న మంగమారిపేట, భీమిలి, డాల్ఫిన్స్ నోస్ అవతలి యారాడ వంటి చోట్ల ఇలాంటి రాతి తీరం ఉంది. రామకృష్ణా బీచ్‌లో కూడా ఇసుక మధ్య బండలున్న చోట్లు కొన్ని ఉన్నాయి.

ఏ సమయంలో వెళ్లాలి?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియకుండా బయలుదేరితే ప్రయాణమంతా వృథా అవుతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం.

మన తూర్పు తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఒక ఆటుకూ మరో ఆటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి, ఈ రోజు ఉదయం 6 గంటలకు నీరు బాగా తగ్గితే రేపు 7 గంటలకు కొంచెం ముందుగా తగ్గుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ, ఆ తరువాతి ఒకటి రెండు రోజుల్లోనూ నీరు అన్నిటికంటే ఎక్కువ దిగుతుంది. అష్టమి దరిదాపుల్లో తేడా చాలా తక్కువ. విశాఖలో అమావాస్య, పౌర్ణమి పోట్లకు కూడా ఎగువ దిగువ మట్టాల మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే. గుజరాత్‌లోని కచ్ సింధుశాఖలో తేడా ఇంతకు ఎన్నో రెట్లు ఉండడం వల్ల, జామ్‌నగర్ దగ్గరి నరారాలో సముద్రం కిలోమీటర్ల కొద్దీ వెనక్కి పోతుంది. విశాఖలో అలా జరగదు. మనకు దొరికేది బండల అంచున సన్నని పట్టీ, అదీ గంట, గంటన్నర పాటు. తేదీ ఎంపికలో అశ్రద్ధ చేస్తే ఆ పట్టీ కూడా దొరకదు.

దీనికి తోడు ఋతువు ప్రభావం కూడా ఉంటుంది. బంగాళాఖాతపు పడమటి తీరంలో సముద్రమట్టం ఏడాది పొడవునా ఒకే ఎత్తులో ఉండదు. మార్చి ప్రాంతంలో అది అన్నిటికంటే తక్కువగానూ, అక్టోబరు, నవంబరు నెలల్లో అన్నిటికంటే ఎక్కువగానూ ఉంటుంది. కాబట్టి దసరా, దీపావళి సెలవుల కంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వచ్చే అమావాస్య, పౌర్ణమి రోజులు మేలు.

ఆటుపోట్ల వేళల కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. హైదరాబాదు ప్రగతినగర్‌లో ఉన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, మన తీరాలకు సంబంధించిన ఆటుపోట్ల అంచనాలనూ అలల ఎత్తు హెచ్చరికలనూ తన వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంచుతుంది. రెండూ చూడండి. నీరు తగ్గే వేళే అయినా అలలు ఎత్తుగా ఉన్నాయని హెచ్చరిక ఉంటే రాళ్ల మీదికి వెళ్లవద్దు. ఆటు పూర్తికావడానికి గంట ముందే చేరుకుని, నీరు తిరిగి ఎక్కడం మొదలుకాగానే వెనక్కి రావాలి. బండల మీద పాకుడు ఉంటుంది. పట్టున్న చెప్పులు వేసుకోవాలి, సముద్రానికి వీపు పెట్టి కూర్చోకూడదు.

రాయి మీద ఎర్రటి మెత్తటి ముద్ద మాత్రమే ఉంది. అది సీ అనిమోనేనా?

చాలావరకు అదే అయి ఉంటుంది. నీరు దిగి గాలి తగలగానే అనిమోన్ స్పర్శకాలన్నిటినీ లోపలికి ముడుచుకుని, కాండం పై అంచును వాటి మీదికి లాక్కుంటుంది. అప్పుడది నీటిలో నానిన రేగుపండులా, పైన చిన్న గుంటతో, మెరుస్తూ కనిపిస్తుంది. ఆ గుంటే స్పర్శకాలు లోపలికి పోయిన దారి. దగ్గరగా వంగి చూస్తే గుంట చుట్టూ సన్నని ముడతలు కేంద్రం వైపు పోతుంటాయి. ఒక్కోసారి ఒకటి రెండు స్పర్శకాల కొనలు లేత రంగులో బయటికి మిగిలి ఉంటాయి.

ఇలాంటి ముద్దలు మరికొన్ని ఉన్నాయి కాబట్టి జాగ్రత్త అవసరం. అసిడియన్ అనే జీవికి పైన రెండు రంధ్రాలుంటాయి, ముట్టుకుంటే నీరు చిమ్ముతుంది. స్పాంజి ఉపరితలం నిండా రంధ్రాలుంటాయి, ముడుచుకోవడం దానికి తెలియదు. నత్తలు పెట్టిన గుడ్ల జిగురు ముద్దలో లోపల చుక్కలు కనిపిస్తాయి. వీటిలో దేనికీ నడుమ ఒకే గుంట, దాని చుట్టూ కేంద్రం వైపు పోయే ముడతలు రెండూ కలిసి ఉండవు.

ముడుచుకున్న అనిమోన్‌ను చూసి నిరుత్సాహపడవద్దు. విచ్చుకున్నప్పటి అందం లేకపోయినా, గుర్తింపుకు కావలసిన కాండం అప్పుడే నలువైపులా స్పష్టంగా కనబడుతుంది.

గుర్తించడానికి ఏ లక్షణాలు చూడాలి?

మొదట చూడవలసింది కాండం ఉపరితలం. అది నున్నగా ఉందా, బుడిపెలు ఉన్నాయా? బుడిపెలు ఉంటే వాటికి ఇసుక రేణువులు, గవ్వ ముక్కలు అంటుకుని ఉన్నాయా? అంటుకునే బుడిపెలు నిలువు వరుసలుగా ఉండటం ఆంథోప్లూరా ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) సాధారణం. ఆ ముక్కల పొర వల్ల అనిమోన్ పూర్తిగా కనుమరుగై, గవ్వపొడి గుప్పెడు పోసినట్టుగా మాత్రమే ఉండవచ్చు. ఎండకు శరీరంలోని తడి ఆరిపోకుండా ఆ పొర కాపాడుతుందని చెబుతారు. బుడిపెలు కాండమంతా కిక్కిరిసి ఉండి, వాటికి ఏదీ అంటుకోకపోతే బునొడోసోమా ప్రజాతిని ఆలోచించాలి. కాండం పూర్తిగా నున్నగా, మెరుస్తూ, ముదురు ఎరుపులోనో గోధుమ రంగులోనో ఉంటే ఆక్టీనియా ప్రజాతి కావచ్చు.

రెండవది కాండానికీ స్పర్శకాలకూ మధ్యనున్న అంచు. అక్కడ తెల్లని లేదా నీలిరంగు పూసల వరుస కనబడితే అది ముఖ్యమైన ఆధారం. వాటిని ఆక్రోరేగై అంటారు. అవి కుట్టే కణాలతో నిండిన ఆయుధాలు. పక్కనున్న పరాయి అనిమోన్ తగిలినప్పుడు వాటిని ఉబ్బించి దాని మీద ఒత్తుతుంది, ఒత్తిన చోట చర్మం పొర ఊడి ఎదుటిదానికి అంటుకుని గాయం చేస్తుంది. ఆక్టీనియాలోనూ, ఆంథోప్లూరా జాతులు చాలావాటిలోనూ ఇవి ఉంటాయి. అయితే అనిమోన్ బాగా విచ్చుకుంటే స్పర్శకాల కింద దాగిపోతాయి కాబట్టి, సగం విచ్చుకున్న స్థితిలో పక్కనుంచి వెతకాలి.

మూడవది, చెదిరినప్పుడు అది ఏంచేస్తుందన్నది. కొన్ని రకాలు కలత చెందగానే నోటి నుంచో, కాండంలోని సన్నని రంధ్రాల నుంచో తెల్లని, లేదా గులాబీ, నారింజ రంగు దారాలు వదులుతాయి. వీటిని అకాంషియా అంటారు. అవి కనిపిస్తే ఆక్టీనియా, ఆంథోప్లూరా, బునొడోసోమా మూడింటినీ ఒక్కసారిగా పక్కన పెట్టి, డయాడ్యుమినీ, ఎగ్జైప్టేసియా, కాలియాక్టిస్ వంటి వాటి వైపు చూడవచ్చు. ఒక్క లక్షణంతో ఇంత పెద్ద విభజన జరగడం అరుదు. అలాగని దారాలు చూడటం కోసం కర్రతో పొడవవద్దు. అల తగిలినప్పుడో, పీత మీదుగా నడిచినప్పుడో అవి వాటంతటవే బయటికి వచ్చిన సందర్భాన్ని గమనిస్తే చాలు.

ఆ తరువాత స్పర్శకాలు. అవి పొట్టిగా మొద్దుగా ఉన్నాయా, పొడవుగా సన్నగా ఉన్నాయా, వాటి మీద అడ్డచారలున్నాయా అన్నవి రాసుకోండి. సాధారణంగా అవి ఆరు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు, ఇలా వలయాలుగా పెరుగుతాయి. పిల్ల అనిమోన్‌కు తక్కువ, పెద్దదానికి ఎక్కువ ఉంటాయి కాబట్టి లెక్క ఒక్కటే పట్టుకుని పేరు చెప్పడం సరికాదు. పైగా గాయం తగిలి మళ్లీ పెరిగిన వాటిలోనూ, తన్ను తాను రెండుగా చీల్చుకున్న వాటిలోనూ ఈ ఆరు లెక్క తప్పుతుంది.

చివరగా ఒంటరిగా ఉందా, గుంపుగా ఉందా చూడండి. ఒకే రంగు, ఒకే పరిమాణం ఉన్నవి ఒకదానికొకటి ఆనుకుని పదుల సంఖ్యలో ఉంటే, అవన్నీ ఒకే అనిమోన్ చీలగా చీలగా పుట్టినవి అయి ఉండవచ్చు.

రంగు చూసి పేరు చెప్పలేమా?

చెప్పకూడదు. ఒకే జాతిలో ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగు జీవులు పక్కపక్కనే ఉంటాయి. కణాల లోపల ఆశ్రయం పొందే సూక్ష్మ శైవలాలను బట్టి, అవి పెరిగిన చోటి వెలుతురును బట్టి కూడా రంగు మారుతుంది.

మన తీరంలో దొరికే రకాలు ఏవి?

రాతి గుంటలలో పైన చెప్పిన ఆంథోప్లూరా, బునొడోసోమా, ఆక్టీనియా వంటివాటిని ముందుగా ఆలోచించాలి. మన దేశంలో వీటి గురించిన పరిశోధన పశ్చిమ తీరంలో కొంత వివరంగా జరిగింది. 1993లో గోవా పరిసరాల నుంచి ఆంథోప్లూరా అంజునే, బునొడోసోమా గోవానెన్సిస్ అనే రెండు కొత్త జాతులను వర్ణించారు. మన తీరపు అనిమోన్ వీటిని పోలి ఉండవచ్చు, అంతమాత్రాన అదే జాతి అనడానికి లేదు.

ఉప్పుటేళ్లు, రేవులు, మడ అడవులలో పరిస్థితి వేరు. అక్కడ ఉప్పదనం వానలకు పడిపోతుంది, ఎండలకు పెరుగుతుంది. ఆ మార్పులను తట్టుకునే చిన్న డయాడ్యుమినీ వంటివి కొయ్య దుంగలకూ ఆల్చిప్పలకూ అంటుకుని ఉంటాయి. డయాడ్యుమినీ షిల్లెరియానా అనే జాతిని 1869లో కలకత్తా దగ్గరి పోర్ట్ కానింగ్ ఉప్పునీటి నుంచి ఫెర్డినాండ్ స్టోలిచ్కా వర్ణించాడు. ఆ తరువాత, 1916లో ఏర్పడిన జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తొలి డైరెక్టరైన నెల్సన్ అనండేల్ చిలికా సరస్సు జీవులతో పాటు అక్కడి అనిమోన్లనూ అధ్యయనం చేశాడు. బంగాళాఖాతపు అనిమోన్లకు ఇంత పాత చరిత్ర ఉండి కూడా, కోరింగ నుంచి భీమిలి వరకు తిరిగి చూసేవారు ఇంత తక్కువగా ఉండటం మాకు నిజంగా బాధ కలిగించే విషయం.

చేపల రేవులో వలల నుంచి తీసి పడేసిన నత్త గుల్లల మీద అనిమోన్ కనబడితే, గుల్ల లోపల సన్యాసి పీత ఉందేమో చూడండి. అలా పీతతో పాటు తిరిగేది కాలియాక్టిస్ కావచ్చు; కలత చెందితే అది గులాబీ లేదా నారింజ రంగు దారాలు వదులుతుంది.

సీ అనిమోన్ అనుకుని పొరబడే జీవులు ఏవి?

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు జొయాంథిడ్ల విషయంలో జరుగుతుంది. ఇవి రాళ్ల మీద చాపలా పరుచుకుంటాయి. ఒక్కొక్క తల వేరుగా కనిపించినా అడుగున అన్నీ ఒకే కండతో కలిసి ఉంటాయి. స్పర్శకాలు పొట్టిగా, ముఖఫలకం అంచున మాత్రమే రెండు వరుసలుగా ఉంటాయి. పాలిథోవా ప్రజాతిలో ఇసుక రేణువులు చర్మానికి అంటుకుని ఉండటం కాక, కండలోనే కలిసిపోయి ఉంటాయి. చూడగానే గరుకుగా, తోలులా అనిపిస్తుంది. అనిమోన్ బుడిపెకు అంటుకున్న గవ్వముక్క ఊడిరావచ్చు, పాలిథోవా ఇసుక రాలదు.

ఈ తేడా తెలిసి ఉండటం పేరు కోసమే కాదు. పాలిథోవా జాతులు కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. దానిని 1971లో హవాయి నుంచి తెచ్చిన నమూనాలలో వేరుచేశారు. కాబట్టి చాపలా పరుచుకున్న దేన్నీ గీకకూడదు, కోయకూడదు. పొరపాటున చేయి తగిలితే కడుక్కునే వరకు ఆ చేతిని కళ్లకూ నోటికీ తగలనివ్వకూడదు.

ఇసుక నేలలో తోలు గొట్టం కట్టుకుని, లోపలొక వలయం పొట్టి స్పర్శకాలు, బయటొక వలయం పొడవైన స్పర్శకాలు ఉన్నది సెరియాంథిడ్. అది వేరే క్రమానికి చెందినది. గొట్టపు పురుగుల కిరీటం పక్షి ఈకల్లా చీలి ఉంటుంది, నీడ పడగానే కంటిరెప్పపాటులో మాయమవుతుంది. అనిమోన్ అంత వేగంగా ముడుచుకోలేదు.

ఫోటోలు ఎలా తీయాలి?

కనీసం నాలుగు తీయండి. మొదటిది పక్కనుంచి, కాండం అడుగు నుంచి అంచు వరకు కనిపించేలా ఉండాలి; ఒక్కటే తీసే వీలుంటే ఇదే తీయండి. రెండవది పైనుంచి, నోరు, ముఖఫలకం మీది చారలు కనిపించేలా. మూడవది ముడుచుకున్న స్థితిలో. నాలుగవది నాలుగడుగుల దూరం నుంచి, అది బండ మీద ఎంత ఎత్తులో, ఎండలో ఉందా నీడలో ఉందా తెలిసేలా. పక్కన కొలత కోసం పది రూపాయల నాణెం పెట్టండి. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. నాణెం రాయి మీద ఉండాలి గానీ జీవిని తాకకూడదు.

నీటి మీద ఆకాశం మెరుపు పడి లోపల ఏమీ కనిపించకపోతే, మీ శరీరంతోనో గొడుగుతోనో నీడ చేయండి. నీడ పడ్డాక ఒకటి రెండు నిమిషాలు కదలకుండా ఆగితే, ముడుచుకున్నది కూడా మెల్లగా విచ్చుకునే అవకాశం ఉంది. అప్పుడు అర నిమిషం వీడియో తీస్తే స్పర్శకాల అసలు ఆకారం తెలుస్తుంది.

మంచి ఫోటో పంపితే జాతి పేరు కచ్చితంగా చెప్పగలరా?

చాలాసార్లు ప్రజాతి వరకే చెప్పగలం, కొన్నిసార్లు కుటుంబం వరకే. అది నిర్లక్ష్యం వల్ల కాదు. అనిమోన్ జాతులను వేరుచేసే లక్షణాలు ఎక్కువగా శరీరం లోపల ఉంటాయి: జఠరకుహరాన్ని గదులుగా విభజించే నిలువు పొరల సంఖ్య, వాటి అమరిక, కాండం పై అంచును మూసే కండరం కోతలో కనిపించే ఆకారం, ఒక్కొక్క భాగంలోని కుట్టే కణాల రకాలు, వాటి పొడవు వెడల్పులు. వీటిని చూడాలంటే జీవిని మెగ్నీషియం క్లోరైడ్ వంటి దానితో మత్తులో ఉంచి, విచ్చుకున్న స్థితిలోనే ఫార్మలిన్‌లో భద్రపరచి, పలుచని కోతలు కోసి, సూక్ష్మదర్శినిలో కొలవాలి. ముడుచుకుపోయిన స్థితిలో భద్రపరచిన నమూనా నిపుణుడికి కూడా సగమే పనికివస్తుంది.

అందువల్ల యూరప్ తీరాల గురించి రాసిన పుస్తకంలోని బొమ్మతో పోల్చి, విశాఖలో కనబడిన ఎర్రటి అనిమోన్‌ను ఆక్టీనియా ఈక్వినా అని ప్రకటించడం తగదు. అది 1758లో లినేయస్ కాలం నుంచి యూరప్ జీవికి ఉన్న పేరు. హిందూ మహాసముద్రంలో దానిని పోలిన వాటిని ఆ పేరుతో పిలవడానికి ముందు లోపలి నిర్మాణం చూడాలి. "ఆక్టీనియా ప్రజాతి, జాతి తెలియదు" అని రాసిన నమోదు తప్పుడు పేరు కంటే వెయ్యి రెట్లు విలువైనది, ఎందుకంటే తరువాత వచ్చే పరిశోధకుడు దాన్ని నమ్మి ముందుకు పోగలడు.

హైదరాబాదులో ఇన్ని డీఎన్ఏ ప్రయోగశాలలు ఉన్నాయి కదా, పరీక్ష చేయిస్తే తేలిపోదా?

చేపలకూ సీతాకోకచిలుకలకూ పనికివచ్చినంత సులభంగా ఇక్కడ తేలదు. జాతుల గుర్తింపుకు సాధారణంగా వాడే సీవోఐ అనే మైటోకాండ్రియా జన్యువు ఆంథోజోవాలలో చాలా నెమ్మదిగా మారుతుంది. దగ్గరి జాతులు రెండింటిలో అది ఒకేలా ఉండవచ్చు. కేంద్రక జన్యువులను కూడా కలిపి చూడాలి, పోల్చడానికి నమ్మదగిన పేరున్న నమూనా కూడా ఉండాలి. సీసీఎంబీ వంటి సంస్థలు ఉన్న నగరంలో ఈ పని చేయగల నైపుణ్యానికి కొరత లేదు గానీ, పరిశోధనా ప్రణాళికలో భాగంగా తప్ప సందర్శకుడు తెచ్చిన ఒక్క ముక్కతో జరిగే పని కాదిది.

తాకవచ్చా? కుడితే ఏం చేయాలి?

తాకకపోవడమే మంచిది. చిన్న తీరపు రకాలు చాలావరకు వేలి కొనకు జిగురుగా అంటుకున్నట్టు మాత్రమే అనిపిస్తాయి; ఆ జిగురు నిజానికి వందల కొద్దీ కుట్టే కణాలు ఒక్కసారిగా పేలడమే. వేలి కొన చర్మం మందంగా ఉండటం వల్ల నొప్పి తెలియదు. మణికట్టు, పెదవి, పిల్లల చర్మం అలా కాదు. ఉష్ణ సముద్రాలలో తీవ్రంగా కుట్టే అనిమోన్లు కూడా ఉన్నాయి కాబట్టి, పేరు తెలియని దానిని నిరపాయం అనుకోకూడదు.

కుడితే రుద్దకుండా సముద్రపు నీటితో కడగాలి, అంటుకున్న ముక్కలుంటే పట్టకారుతో తీయాలి. మంచినీటితో మొదట కడిగితే పేలకుండా మిగిలిన కణాలు కూడా పేలవచ్చు. ఊపిరి ఆడకపోవడం, ముఖం వాయడం, వాంతులు వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

సీసాలో వేసి ఇంటికి తీసుకురావచ్చా?

తీసుకురావద్దు. రాయి నుంచి ఊడదీసేటప్పుడే పాదఫలకం చిరుగుతుంది, పన్నెండు గంటల ప్రయాణంలో సీసాలో నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గుతుంది. అంతేకాక, వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రాతి పగడాలకు మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. కొత్తవారికి చిన్న పగడపు పాలిప్‌కూ అనిమోన్‌కూ తేడా తెలియదు కాబట్టి, తెలియక చేసిన పని కూడా నేరంగా మారవచ్చు.

వీటి ఆయుష్షు తలచుకుంటే మనసు మరింత వెనక్కి లాగాలి. 1828లో స్కాట్లండ్ తీరంలో జాన్ డేలియెల్ సేకరించిన ఒక ఆక్టీనియా గాజు పాత్రలో 1887 వరకు బతికింది; దానికి గ్రానీ అని పేరు పెట్టుకున్నారు. సేకరించిన ఆయన 1851లో మరణించాక కూడా అది చేతులు మారుతూ జీవించింది. మనం గోటితో పెకలించే చిన్న ఎర్ర ముద్ద మన కంటే పెద్దది కాదని చెప్పలేం.

మా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియంలో పెట్టిన రాయి మీద గోధుమ రంగు చిన్న అనిమోన్లు వాటంతటవే వచ్చాయి. ఇవి ఏమిటి?

హైదరాబాదులో సముద్రపు చేపల అక్వేరియంలు పెంచేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. పొడవైన సన్నని స్పర్శకాలు, పారదర్శకమైన గోధుమ రంగు కాండం, అలికిడికి చటుక్కున రంధ్రంలోకి ముడుచుకునే గుణం ఉంటే అది దాదాపుగా ఎగ్జైప్టేసియా. కొన్న రాతితోనో పగడంతోనో వచ్చి ఉంటుంది. గీకి తీసేయాలని చూడవద్దు. పాదఫలకం నుంచి రాలిన చిన్న తునక కూడా కొత్త అనిమోన్‌గా పెరుగుతుంది, అందుకే గీకిన వారం పది రోజులకు ఒకటికి పది కనిపిస్తాయి. దీనిని తినే బెర్గియా అనే సముద్రపు స్లగ్‌ను, పెప్పర్‌మింట్ రొయ్యలను వదలడం మెరుగైన మార్గం.

తీరపు రాళ్ల మీది ఈ అనిమోన్లలో నీమో చేప ఉంటుందా?

ఉండదు. నీమో వంటి క్లౌన్ చేపలకు ఆశ్రయమిచ్చేవి పది జాతుల వరకే ఉన్నాయి; అవి ఎక్కువగా పగడపు దిబ్బల ప్రాంతాల్లో పెరిగే పెద్ద అనిమోన్లు.

గమనించిన వివరాలు ఎవరికి పంపాలి?

అత్తాపూర్‌లో జువాలజికల్ సర్వే కేంద్రం ఉంది కదా అని చాలామంది అక్కడికి వెళ్లాలనుకుంటారు. అది మంచినీటి జీవుల కేంద్రం. సముద్ర జీవుల ప్రాంతీయ కేంద్రం చెన్నైలో ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర, సముద్ర జీవ వనరుల విభాగాలూ, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఉన్నాయి. ఇవేవీ వీలుకాకపోతే, జీవుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో ఉంచండి. అక్కడ వివిధ దేశాల నిపుణులు చూసి సరిదిద్దుతారు.

ఫోటోతో పాటు తేదీ, వేళ, ఆ వేళకు ఆటు ఎంత దిగింది, చోటు జీపీఎస్ వివరం, గుంటలో నీటి లోతు, అనిమోన్ వ్యాసం, దాని పక్కనున్న ఆల్చిప్పలు, పాకుడు, జొయాంథిడ్ల వంటి వాటి గురించి రెండు వాక్యాలు రాయండి. మళ్లీ ఏడాది వెళ్లినప్పుడు అదే బండను, అదే గుంటను వెతికి మరో ఫోటో తీయండి. ఒకే గుంట నుంచి ఏళ్ల తరబడి వచ్చిన ఫోటోలు, పది తీరాలలో ఒక్కొక్కసారి తీసిన వాటి కంటే పరిశోధకులకు ఎక్కువ ఉపయోగపడతాయి.